బాయిలర్‌లో ఒత్తిడి లేదు, తెల్లవారుజాము నుంచి తంటాలు పడుతున్నాను

తిరుపతి నివాసి:
నాలుగున్నరకు మొదలుపెట్టాను, ఇప్పుడు పది దాటింది. మేడ మీద స్నానాలగదిలో బాయిలర్ నుంచి వేడినీళ్లు దారంలా వస్తున్నాయి. బకెట్ నిండడానికి ఇరవై నిమిషాలు పడుతోంది. నాన్నగారికి ఎనభై రెండేళ్లు. తువ్వాలు భుజాన వేసుకుని నిలబడి నిలబడి, చివరికి చన్నీళ్లే పోసుకున్నారు. షవరు విప్పి కడిగాను, కుళాయి వాషరు మార్చాను. ప్లంబరు వారం నుంచి రేపు రేపు అంటున్నాడు. పంపు పెట్టించాలా?

చిత్తూరు మేస్త్రి:
చన్నీళ్లు ఎలా వస్తున్నాయి?

పలమనేరు అక్క:
బాయిలర్ అంటే రాగిదా తమ్ముడూ? మా అమ్మవాళ్లింట్లో ఇప్పటికీ ఉంది. మధ్య గొట్టంలో కొబ్బరి చిప్పలు వేసి మంట పెడతారు. పైన గరాటులో ఎన్ని చన్నీళ్లు పోస్తే అన్ని వేడినీళ్లు బయటికి వస్తాయి. ఒత్తిడి గొడవే లేదు. కరెంటుదైతే గీజరు అనండి.

తిరుపతి నివాసి:
మా ఇంట్లో అందరం బాయిలర్ అనే అంటాం అక్కా. గోడకు బిగించిన కరెంటుది, 25 లీటర్లు.

రేణిగుంట విశ్రాంత ఉద్యోగి:
మన వాళ్లు పట్టించుకోనిది నీటి కాఠిన్యం. కఠిన జలంలో కరిగి ఉన్న కాల్షియం బైకార్బొనేటు వేడి తగలగానే కార్బొనేటుగా మారి గార కడుతుంది. వేడి పెరిగేకొద్దీ గార కూడా పెరుగుతుంది. అందుకే గీజరు మీట ఎప్పుడూ చివరిదాకా తిప్పకూడదు. లోపలి మెగ్నీషియం కడ్డీ అరిగిపోయిందో లేదో చూసేవారే లేరు. అది అరిగిపోతే తుప్పు ట్యాంకునే తినేస్తుంది. ప్రతి ఇంట్లో ఏటా ఒకసారి విప్పించి చూడాలి.

చిత్తూరు మేస్త్రి:
చన్నీళ్ల సంగతి ఇంకా చెప్పలేదు.

తిరుపతి నివాసి:
చన్నీళ్లు ధారగానే వస్తున్నాయి. ట్యాంకు ఒకటే, షవరుకు రెండు మీటర్ల పైన ఉంది. అన్నట్టు, మున్సిపల్ నీళ్లు చాలక నెల నుంచి బోరు నీళ్లు ఎక్కిస్తున్నాం.

చిత్తూరు మేస్త్రి:
అది మొదటే చెప్పాల్సిన మాట. పంపు వద్దు. కరెంటు మెయిన్ ఆపండి, నీళ్లు చల్లారనివ్వండి. గీజరుకు చన్నీళ్లు వెళ్లే కనెక్షన్ పైపును గీజరు వైపు విప్పి, కొస బకెట్‌లో పెట్టి కాక్ (ఆ పైపుకు నీళ్లు వదిలే కుళాయి) తిప్పండి. అక్కడే సన్నగా వస్తే పైపులోనో కాక్‌లోనో అడ్డం ఉంది. అక్కడ ఫోర్సు బాగుంటే గీజరు కింద ఉండే సేఫ్టీ వాల్వు చూడాలి.

భౌతికశాస్త్రం మాస్టారు:
ఫోర్సు, ఒత్తిడి, ప్రవాహం మూడూ వేరు. 10 మీటర్ల నీటి ఎత్తుకు సుమారు 1 బార్ ఒత్తిడి. మీ రెండు మీటర్లకు 0.2 బార్. కుళాయి కట్టేసి ఉన్నప్పుడు అది ఇప్పుడూ అంతే. తగ్గింది ప్రవాహం. శీర్షిక మార్చండి.

చిత్తూరు మేస్త్రి:
పనిలో మేము ఫోర్సనే అంటాం మాస్టారూ. అర్థమైతే చాలు.

తిరుపతి నివాసి:
గీజరు కింద సేఫ్టీ వాల్వు నుంచి బొట్లు కారుతున్నాయి. ఫోర్సు అక్కడే పోతోందేమో, మూత బిగించనా?

చిత్తూరు మేస్త్రి:
వద్దు! నీళ్లు వేడెక్కితే వ్యాకోచిస్తాయి. వెనక్కి పోకుండా వాల్వు ఆపుతుంది కాబట్టి ఆ కొంచెం అక్కడ కారుతుంది. దాన్ని మూస్తే ట్యాంకే పగలవచ్చు. ఇంట్లో పెద్దాయన ఉన్నారంటున్నారు, ఆ పని మాత్రం చేయకండి.

రేణిగుంట విశ్రాంత ఉద్యోగి:
మెగ్నీషియం కడ్డీ కూడా చూడండి.

తిరుపతి నివాసి:
పైపు విప్పాను. కాక్ మూతి దగ్గర తెల్లటి పెచ్చులు, చెంచాడు ఉంటాయి, గోరుతో గీకితే గుడ్డు పెంకులా విరిగాయి. ఇప్పుడు ఆరు నిమిషాల్లో బకెట్ నిండుతోంది. స్విచ్ ఆపినా బొట్లు మాత్రం ఆగలేదు. ధన్యవాదాలు అన్నా, నాన్నగారు పిలుస్తున్నారు.