అప్‌డేట్: బీ450 బోర్డులో రైజెన్ 3600 తీసి 5600 వేశాక

నేనడిగింది ఇదీ: కంప్యూటర్‌లో ఉన్న బీ450 మదర్‌బోర్డులోనే రైజెన్ 3600 ప్రాసెసర్ స్థానంలో 5600 వేయాలా, ఏఎం5కి (ఏఎండీ కొత్త తరం సాకెట్) మారాలా? ఏఎం5 అంటే బోర్డుతో పాటు కొత్త రకం డీడీఆర్5 ర్యామ్ కూడా కొనాలి. అందుకే 5600 వేశాను, సరైన నిర్ణయమే.

రెండింటికీ 6 కోర్లు, 12 థ్రెడ్లు, 65 వాట్లు, 32 ఎంబీ ఎల్3 క్యాష్ (ప్రాసెసర్ లోపలే ఉండే వేగవంతమైన మెమరీ). కాగితం మీద ముఖ్యమైన తేడా బూస్ట్ (గరిష్ఠ వేగం) 4.2 నుంచి 4.4 గిగాహెర్ట్జ్ కావడమే. అసలు మార్పు లోపల ఉంది. జెన్ 2లో (3600 డిజైన్) ఆ క్యాష్ 16+16గా చీలి ఉంటుంది, మూడేసి కోర్లకు ఒక్కో సగం. జెన్ 3లో (5600 డిజైన్) మొత్తం 32 ఎంబీ ఆరు కోర్లకూ ఉమ్మడి. గేముల్లో కుదుపులు తగ్గింది ప్రధానంగా ఇందువల్లే. లోపలే గ్రాఫిక్స్ ఉండే 5600జీ మాత్రం వేరు, దానికి 16 ఎంబీయే.

చేసేవాళ్లు వరుస తప్పొద్దు. పాత చిప్ ఉండగానే బయాస్ (కంప్యూటర్‌ని మొదలుపెట్టే, బోర్డులోని సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేయండి. పాత బయాస్‌తో 5600 పెడితే తెర నల్లగానే ఉంటుంది. బిట్‌లాకర్ (విండోస్ డిస్క్ లాక్) ఆన్‌లో ఉంటే రికవరీ కీ ముందే రాసిపెట్టుకోండి, చిప్ మారితే అడగొచ్చు.

కూలర్‌ని నిటారుగా లాగకండి! కూలర్‌కీ ప్రాసెసర్‌కీ మధ్య ఉండే పేస్ట్ గట్టిపడి ఉంటే సాకెట్ లీవర్ వేసి ఉన్నా ప్రాసెసర్ దానికే అంటుకుని సాకెట్లోంచి ఊడొస్తుంది, పిన్నులు వంగుతాయి. పది నిమిషాలు బరువైన పని నడిపి, ఆపేసి, ప్లగ్ తీసి, వేడిగా ఉండగానే కూలర్‌ని అటూ ఇటూ మెల్లగా తిప్పి తీయాలి.

చివర్లో బయాస్‌లో ఎక్స్ఎంపీ (ర్యామ్‌ని దాని పూర్తి వేగంలో నడిపే సెట్టింగ్) మళ్లీ ఆన్ చేయండి. బయాస్ అప్‌డేట్‌తో అది పోయి, 3200 ర్యామ్ తక్కువ వేగంలో నడుస్తుంటుంది.