ఫ్లూ టీకా వానలకు ముందా, చలికాలానికి ముందా?

చీపురుపల్లిలో మాతో ఉంటున్న మా అమ్మగారికి 67 ఏళ్లు, ఆస్తమా ఉంది. ఏటా ఆగస్టులో ఒకసారి, సంక్రాంతి దాటాక మరోసారి 102 డిగ్రీల జ్వరం వచ్చి మూడు రోజుల్లో తగ్గుతున్నా, పొడిదగ్గు మాత్రం మూడు వారాలపాటు వదలడం లేదు. పడుకోగానే మొదలై, తెల్లవారుజామున పిల్లికూతలతో ఎక్కువవుతుంది. ఛాతీ ఎక్స్‌రేలో దోషమేమీ లేదు, కళ్లె పరీక్షలో క్షయ లేదని తేలింది. ఇన్‌హేలర్‌ను స్పేసర్‌తో క్రమం తప్పకుండా వాడుతున్నారు. యాంటీబయాటిక్ వల్ల ప్రయోజనం కనిపించలేదు, వైరస్ మీద అది పనిచేయదు కూడా.

నిరుడు నవంబరులో ఫ్లూ టీకా వేయించాము. జనవరి సాఫీగానే గడిచింది గాని, ఆగస్టులో మళ్లీ అదే తంతు. మన దేశంలో ఫ్లూ వానాకాలంలోను, జనవరి-మార్చి నెలల నడుమ కూడా పెరుగుతుందని, టీకాలో ఉండవలసిన వైరస్ రకాలను ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫిబ్రవరిలో ఉత్తరార్ధగోళానికి, సెప్టెంబరులో దక్షిణార్ధగోళానికి వేరువేరుగా సూచిస్తుందని చదివాను. ఇక్కడి వైద్యులు మే నెలాఖరున వేయించమన్నారు. విజయనగరంలో మరొకరు అక్టోబరే మేలన్నారు. మందుల దుకాణంలో అడిగితే, ఉన్నదేదో వేయించుకోండన్నారు.

ఆస్తమా ఉన్న పెద్దవారికి మన ఉత్తరాంధ్రలో ఏ నెలలో, ఏ అర్ధగోళపు టీకా వేయించడం సరైనదో తెలిసినవారు చెప్పగలరా?