చెయ్యి పైకెత్తితే భుజం మధ్యలో పట్టేస్తోంది, క్లైంబింగ్ మానెయ్యాలా?

రాతిపట్టు (ప్రశ్న):

అందరికీ నమస్తే. నాకు 41 ఏళ్ళు, హైదరాబాద్‌లో ఉంటాను, రోజంతా కంప్యూటర్ ముందు పని. శని, ఆదివారాలు ఖాజాగూడ గుట్టల దగ్గర బౌల్డరింగ్ (తాడు లేకుండా చిన్న బండలు ఎక్కడం), వీలైతే భువనగిరి గుట్ట మీద రోప్ వేసి ఎక్కడం. ఎండలు తగ్గి మళ్ళీ గట్టిగా మొదలుపెట్టినప్పటి నుంచి కుడి భుజం సతాయిస్తోంది. చెయ్యి పక్క నుంచి పైకెత్తుతుంటే భుజం ఎత్తుకు కాస్త ముందు మొదలవుతుంది, దాన్ని దాటి బాగా పైకి వెళ్ళాక నొప్పి ఉండదు. అదే వైపు తిరిగి పడుకుంటే రాత్రి మెలకువ వచ్చేస్తుంది. ఎక్కడా పడలేదు, వేళ్ళలో తిమ్మిరి లేదు, షుగర్ లేదు.

ఎమ్మారైలో సుప్రాస్పైనేటస్ టెండినోసిస్, పార్షియల్ టియర్ అని రాశారు, అంటే భుజం పై కండరాన్ని ఎముకకి కలిపే టెండన్ అనే తాడు దెబ్బతింది, కొంత చిరిగింది అనట. ఆ టియర్ అన్న మాట చూసినప్పటి నుంచి టెన్షన్. దగ్గర్లో ఒక ఫిజియో సెంటర్‌కి వరసగా వెళ్ళాను, కరెంట్ పెడతారు, అల్ట్రాసౌండ్ తిప్పుతారు, వేడి కాపడం పెట్టి పంపిస్తారు, సాయంత్రానికి మళ్ళీ మామూలే. ఒక డాక్టరు స్టెరాయిడ్ ఇంజెక్షన్ అంటున్నారు, ఇంకొకరు కీహోల్ ఆపరేషన్ చేసి పైన ఎముక కాస్త చెక్కితే పోతుందంటున్నారు. ఇంట్లో అయితే ఎక్కడమే మానెయ్యమంటున్నారు. మానేస్తే నిజంగా తగ్గుతుందా? ఇలాంటిదాని నుంచి బయటపడినవాళ్ళు చెప్పండి ప్లీజ్.

విశాఖ ఫిజియో:

రాతిపట్టు గారూ, చెయ్యి పెట్టి చూడకుండా ఖాయంగా ఏదీ చెప్పలేను, కానీ మీరు రాసిన తీరు చూస్తే రొటేటర్ కఫ్ నొప్పిలాగే ఉంది. చెయ్యి పక్కకి ఎత్తేటప్పుడు సుమారు 60 నుంచి 120 డిగ్రీల మధ్య నొప్పి వచ్చి ఆ తర్వాత పోవడం దీని గుర్తుల్లో ఒకటి. భుజం కీలుకి లోతు లేదు, పళ్ళెంలో నిమ్మకాయ పెట్టినట్టు ఉంటుంది. ఆ గుండు జారకుండా పట్టి ఉంచేవాటిలో ముఖ్యమైనవి రొటేటర్ కఫ్ అనే నాలుగు కండరాలు, వాటి టెండన్లు. చాలాకాలం తక్కువ పని చేయించి ఒక్కసారిగా ఎక్కువ బరువు మోయిస్తే అవి తట్టుకోలేవు. వేసవి గ్యాప్ తర్వాత గట్టిగా మొదలుపెట్టానన్నారు కదా, నాకు అనుమానం అక్కడే.

ఎమ్మారై మాటకి భయపడకండి. 2011లో వచ్చిన ఒక పరిశీలనలో భుజం నొప్పే లేని 51 మంది మగవాళ్ళకి, 40 నుంచి 70 ఏళ్ళ వాళ్ళకి, అల్ట్రాసౌండ్ స్కాన్ చేస్తే 96 శాతం మందిలో ఏదో ఒక తేడా కనిపించింది. రిపోర్టులో మాట ఉన్నంత మాత్రాన నొప్పికి అదే కారణమని కాదు.

కరెంట్, అల్ట్రాసౌండ్ గురించి సూటిగా చెప్తాను, నా వృత్తే ఇది కాబట్టి బాధగా కూడా ఉంటుంది: అవి ఆ పూటకి ఉపశమనం ఇవ్వొచ్చు, టెండన్‌కి బలం మాత్రం ఇవ్వవు. బలం వచ్చేది బరువు మోయిస్తేనే, అదీ కొంచెం కొంచెంగా పెంచుతూ. మొదట మోచెయ్యి మడిచి ఒంటికి ఆనించి, చేతి వెనక భాగంతో గోడని బయటికి నెట్టండి, కదలిక లేకుండా 30 నుంచి 45 సెకన్లు, అలా ఐదుసార్లు. ఇది నొప్పిని కూడా తగ్గించవచ్చు. అది తేలికయ్యాక అదే పని రబ్బరు బ్యాండ్‌తో చెయ్యండి. తర్వాత బొటనవేలు పైకి ఉండేలా చెయ్యి కాస్త ముందుకి పక్కగా ఎత్తడం, ఒక కేజీ డంబెల్‌తో మొదలుపెట్టి. రోయింగ్ (బ్యాండ్‌ని ఒంటి వైపుకి లాగడం) కలపండి, గోడకి పుష్-అప్ చేసి చివర్లో భుజం రెక్కలని ఇంకొంచెం ముందుకి నెట్టడం కూడా, ఎందుకంటే క్లైంబర్లు ఎక్కువగా లాగుతారే తప్ప నెట్టరు. రోజు విడిచి రోజు చాలు. చేసేటప్పుడు పదికి మూడు, నాలుగు వరకు నొప్పి ఉన్నా ఫర్వాలేదు, మర్నాటి ఉదయానికి మామూలు స్థాయికి దిగిపోవాలి. దిగకపోతే బరువు తగ్గించండి, ఆపెయ్యొద్దు. కనీసం 12 వారాలు ఇస్తే గానీ తేల్చి చెప్పలేం.

ఎక్కడం పూర్తిగా మానక్కర్లేదు. వాలుగా ఉన్న రాతి మీద కాళ్ళ బలంతో ఎక్కండి. ఎగిరి పట్టుకోవడాలు, గాస్టన్ పట్లు (లిఫ్ట్ తలుపులు విడదీసినట్టు బయటికి నెట్టి పట్టుకోవడం), భుజం వదులుగా వదిలేసి వేలాడటం కొన్నాళ్ళు వద్దు.

ఒకటి మాత్రం గుర్తుంచుకోండి: పడిన తర్వాత చెయ్యి ఎత్తలేకపోతే, కీలు జారితే, జ్వరంతో భుజం ఎర్రగా వాస్తే వెంటనే డాక్టరు దగ్గరికి. ఎడమ భుజం నొప్పితో ఆయాసం, చెమటలు ఉంటే భుజం సంగతి పక్కన పెట్టి నేరుగా ఎమర్జెన్సీకి.

టెన్నిస్‌బాల్ పేసర్:

నాది క్రికెట్ భుజం అన్నా, బౌండరీ దగ్గర్నుంచి విసురుడు. మా టీమ్‌లో సగం మందికి ఇదే కథ, వారమంతా చెయ్యి కదల్చరు, ఆదివారం పొద్దున దిగీదిగగానే కీపర్‌కి ఫుల్ త్రో. నాకు పనిచేసింది వారం మధ్యలో బ్యాండ్ వ్యాయామం, మ్యాచ్ ముందు దగ్గర్నుంచి మెల్లగా విసిరి దూరం పెంచుకుంటూ పోవడం. నిద్ర కోసం చిన్న కిటుకు: నొప్పి లేని వైపు తిరిగి, ముందు ఒక దిండు పెట్టుకుని నొప్పి చెయ్యి దాని మీద వేసుకోండి. నాకు ముందు బాగుపడింది నిద్రే.

లీడ్స్ తెలుగు:

ఆపరేషన్‌కి ఒప్పుకునే ముందు ఇది చదవండి. ఆ ఎముక చెక్కే ఆపరేషన్ మీద ఇక్కడ బ్రిటన్‌లో ఒక పెద్ద ట్రయల్ జరిగింది, 2018లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. 313 మందిని మూడు గుంపులు చేశారు: కొందరికి నిజంగా చెక్కారు, కొందరికి కెమెరా పెట్టి చూసి ఏమీ చెక్కకుండా మూసేశారు, కొందరికి ఏ చికిత్సా లేదు. చెక్కినవాళ్ళకీ ఉత్తినే చూసి మూసినవాళ్ళకీ తేడా లేదు. చికిత్స లేనివాళ్ళతో పోలిస్తే కాస్త మెరుగు, అదీ చెప్పుకోదగ్గంత కాదు. ఆ మరుసటి ఏడాది 2019లో బీఎంజే అనే ఇంకో వైద్య పత్రిక నిపుణుల బృందం ఈ నొప్పికి ఆ ఆపరేషన్ వద్దని గట్టిగానే చెప్పింది.

ఫిజియో గారికి చిన్న అభ్యంతరం. 2021లో గ్రాస్ప్ అని ఇంకో ట్రయల్ వచ్చింది, 708 మంది. ఫిజియో దగ్గర ఆరు సెషన్ల వరకు వ్యాయామం నేర్చుకున్నవాళ్ళూ, ఒక్కసారి మంచి సలహా తీసుకుని ఇంట్లో చేసుకున్నవాళ్ళూ ఏడాది తిరిగేసరికి దాదాపు ఒకలాగే ఉన్నారు. ఇంజెక్షన్ మొదట్లో కాస్త సాయపడింది, ఏడాదికి ఆ తేడా నిలవలేదు. అలాంటప్పుడు రోజూ సెంటర్‌కి వెళ్ళి డబ్బు కట్టడం దేనికి?

విశాఖ ఫిజియో:

మీతో చాలావరకు ఏకీభవిస్తాను. రోజూ సెంటర్‌కి రమ్మనడం నాకూ ఇష్టం లేదు. ఒకసారి సరిగ్గా పరీక్ష చేయించుకుని, వ్యాయామం నేర్చుకుని, కొన్ని వారాలకోసారి చూపించుకుంటే చాలామందికి సరిపోతుంది. అయితే తల పైన ఒక చేత్తో ఒళ్ళంతా వేలాడేసే మనిషికి చివరి దశ వేరు. ఎప్పుడు వేలాడాలి, ఎంతసేపు, ఎగిరి పట్టుకోవడానికి సిద్ధంగా ఉన్నాడా అన్నది ఆ ఆట తెలిసినవాళ్ళు చూసి చెప్తేనే మేలు.

గుంటూరు షటిల్:

నేనూ మొదట కఫ్ నొప్పే అనుకున్నానండి, బ్యాడ్మింటన్ వల్ల అని. చివరికి ఫ్రోజెన్ షోల్డర్ (భుజం కీలు బిగుసుకుపోవడం) అని తేలింది, నాకు షుగర్ ఉంది, షుగర్ ఉన్నవాళ్ళకి ఇది ఎక్కువగా వస్తుందట. ఇంట్లో ఒకటి చూసుకోండి: మోచెయ్యి ఒంటికి ఆనించి ముంజేతిని బయటికి తిప్పండి. నొప్పి ఉన్న చెయ్యి రెండో చెయ్యి తిరిగినంత తిరగకపోతే, ఇంకొకరు పట్టుకుని మెల్లగా తిప్పినా కదలకపోతే, అప్పుడు ఫ్రోజెన్ అని అనుమానించాలి. దానికి దారి వేరు, అందులో మొదట్లో ఇంజెక్షన్ బాగానే పనిచేస్తుంది, నాకు రాత్రిళ్ళు నిద్రపట్టింది దానితోనే. షుగర్ ఉన్నవాళ్ళు ఇంజెక్షన్ తర్వాత కొన్ని రోజులు రీడింగ్స్ చూసుకోండి, పెరుగుతాయి.

రాతిపట్టు:

అందరికీ చాలా థాంక్స్. ఇప్పుడే మా ఆవిడతో తిప్పించి చూశాను, రెండు చేతులూ సమానంగానే తిరుగుతున్నాయి. ఆపరేషన్ ఆలోచన ప్రస్తుతానికి పక్కన పెట్టి గోడ వ్యాయామం రేపు మొదలుపెడతాను. ఇంకొక్క ప్రశ్న: వచ్చే నెల ట్రెక్ ఉంది, బరువైన బ్యాగ్ మోయొచ్చా?

విశాఖ ఫిజియో:

మోయొచ్చు, బరువు భుజం పట్టీల మీద కాకుండా నడుం బెల్టు మీద పడేలా కట్టుకుంటే. బెల్టు తుంటి ఎముకల మీద కూర్చోవాలి, ముందు దాన్ని బిగించి ఆ తర్వాతే భుజం పట్టీలు బిగించండి. బ్యాగ్ తగిలించుకునేటప్పుడు నొప్పి చేత్తో వెనక్కి లాగొద్దు, రాయి మీదో గట్టు మీదో పెట్టి వీపు ఆనించి దూర్చుకోండి. దారిలో చెయ్యి తిమ్మిరెక్కినా, బలం తగ్గినట్టున్నా బ్యాగ్ దించేసి వేరేవాళ్ళకి ఇవ్వండి. అది ఒక పూటలో పోకపోతే నరం ఒత్తుకుందేమో డాక్టరుకి చూపించుకోండి.