ఈ వారం సమస్య: "చీకటికిని నీడ చిత్రమయ్యె" (ఆటవెలది)

నిర్వాహకుడు, నల్లగొండ:
మిత్రులారా, ఈసారి వెలుగును కూడా మింగేసే కృష్ణబిలాల (బ్లాక్ హోల్స్) మీద పూరించండి. చీకటికి నీడ ఉంటుందా, ఉన్నా దానికి ఫొటో ఎట్లా దిగుతుంది అని అడగొద్దు. 2019 ఏప్రిల్ 10న లోకం చూసిన బొమ్మ అదే. ఎం87 గెలాక్సీ నడుమ, 5.5 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో, 650 కోట్ల సూర్యుల బరువున్న బిలం. మండే ఉంగరం మధ్య నల్లగా కనబడేదాన్ని శాస్త్రవేత్తలు కూడా "నీడ" అనే అంటారు. "చిత్రం" అంటే బొమ్మా అవుతుంది, వింతా అవుతుంది. ఏ అర్థం తీసుకున్నా సరే, యతి మాత్రం తప్పొద్దు.

మిర్యాలగూడ సభ్యుడు:
కన్నులెనిమి దొక్క కన్నుగా జతకూడి
భువిని చుట్టి నింగి పొడవు కొలువ
కాంతి వలయమందు గనుపట్టి నడుమను
చీకటికిని నీడ చిత్రమయ్యె

నిర్వాహకుడు:
మొదటి పాదం చదవగానే మనసు నిండింది. 2017 ఏప్రిల్‌లో ఎనిమిది రేడియో టెలిస్కోపులను అణుగడియారాలతో ఒకే లయకు తెచ్చి, భూమంత కన్ను చేశారు. సమాచారం ఎంత పోగుపడిందంటే ఇంటర్నెట్‌లో పంపడం కుదరక హార్డ్ డిస్కులను విమానాల్లో తరలించారు. ఒక్క మాట. ఆ ఎనిమిదింటిలో దక్షిణ ధ్రువంలో ఉన్నదానికి ఎం87 ఉన్న దిక్కు కనబడదు. అది మిగతా కొలతలు సరిచూసుకోవడానికి పనికొచ్చింది. కాబట్టి ఎనిమిది అనడం తప్పు కాదు. పద్యం అట్లాగే ఉంచండి.

మహబూబ్‌నగర్ సభ్యురాలు:
పడతులాడునట్లు బతుకమ్మ చుట్టును
చుక్కలన్ని తిరుగు సుడులు జూచి
కానరాని దాని గనుగొన్న పిమ్మట
చీకటికిని నీడ చిత్రమయ్యె

నాది మన పాలపుంత నడుమ ఉన్న బిలం సార్. దూరం నుంచి చూస్తే బతుకమ్మ కనబడకపోవచ్చు. కానీ ఆడవాళ్లు గుండ్రంగా వంగి లేస్తూ తిరుగుతుంటే నడుమ ఏదో ఉందని తెలుస్తుంది కదా.

నిర్వాహకుడు:
అక్కా, ఈ పోలిక ఇంకెవరికీ దొరకదు. ఎస్2 అనే చుక్క ఆ బిలం చుట్టూ 16 ఏళ్లకు ఒక చుట్టు తిరుగుతుంది. ఖగోళ శాస్త్రవేత్తలు రైన్‌హార్డ్ గెంజెల్ బృందం చిలీ నుంచి, ఆండ్రియా గెజ్ బృందం హవాయి నుంచి ఏళ్ల తరబడి ఇట్లాంటి చుక్కల దారులు గీసి, నడుమ 40 లక్షల సూర్యుల బరువు ఉందని తేల్చారు. 2020లో వాళ్లిద్దరికీ నోబెల్ వచ్చింది. ఆ బిలం బొమ్మ 2022 మేలో గానీ రాలేదు. "పిమ్మట" అన్న మాట చరిత్రకు అంత సరిగ్గా కుదిరింది.

సూర్యాపేట సభ్యుడు:
రెండు బిలము లొకటి రేయిగా గలియంగ
లోకమెల్ల వణికె లీలగాను
చెవుల నొగ్గి వినిరి చిన్నారి కదలిక
చీకటికిని నీడ చిత్రమయ్యె

మిర్యాలగూడ సభ్యుడు:
అన్నా, రెండో పాదంలో యతి పోయింది. "లో"కు "లీ" చెల్లదు. "లోకమెల్ల వణికె లోతులోన" అంటే సరిపోతుంది.

నిర్వాహకుడు:
సవరణ బాగుంది. 2015 సెప్టెంబర్ 14న గురుత్వ తరంగాలను పట్టే లైగో పరికరానికి చిక్కింది ఆ వణుకే. దాని 4 కిలోమీటర్ల చేతుల పొడవులో వచ్చిన తేడా ప్రోటాన్ వెడల్పు కంటే వందల రెట్లు చిన్నది. "చిన్నారి" అన్నది తక్కువే! అయితే వినడం నుంచి నీడకు వంతెన పడలేదు. నాలుగో పాదం అతికించినట్టుంది.

దేవరకొండ సభ్యుడు:
పానగల్లు గుడిని పడు నీడ యొక్కటే
కంబ మేదొ యెవరు గాంచలేరు
వెలుగు వంపు తిరిగి విశ్వాన నటువలె
చీకటికిని నీడ చిత్రమయ్యె

నిర్వాహకుడు:
పానగల్లులోని ఛాయా సోమేశ్వరాలయాన్ని ఎవరైనా తెస్తారని ఎదురుచూస్తున్నా. చిన్నప్పుడు మా నాయన నన్ను గర్భగుడి ముందు నిలబెట్టి "ఆ నీడ ఏ స్తంభానిదో చెప్పు" అన్నాడు. లింగం వెనక గోడ మీద నిలువుగా, కదలకుండా ఒక్కటే నీడ. ఒక్కో స్తంభం ముందుకు పోయి నిలబడ్డా, చెయ్యి అడ్డం పెట్టి చూశా. తేలలేదు. కనబడే నీడ నుంచి కనబడని దాన్ని వెతకడం నాకు ఆ రోజే అలవాటయింది.

అందుకే మీ "అటువలె"ను ఒప్పుకోలేను. పానగల్లులో వెలుగు వంగదు. స్తంభాల సందుల్లోంచి చెదిరి లోపలికొచ్చే పగటి వెలుతురు ఆ నీడను నిలబెడుతుంది. బిలం దగ్గర జరిగేది వేరు. అక్కడ గురుత్వాకర్షణ వెలుగు దారినే వంచుతుంది, మరీ దగ్గరికి పోయినదాన్ని మింగేస్తుంది. అందుకే ఆ నీడ బిలం అంచు కంటే దాదాపు రెండున్నర రెట్లు పెద్దగా కనబడుతుంది. రెండు నీడలనూ పక్కపక్కన పెట్టండి, ఒకటి చేయకండి.

దేవరకొండ సభ్యుడు:
నిజమే సార్, పొరపాటు నాదే. మూడో పాదం మార్చాను.

పానగల్లు గుడిని పడు నీడ యొక్కటే
కంబ మేదొ యెవరు గాంచలేరు
వెలుగు చెదరి యిచట, విశ్వాన నది వంగి
చీకటికిని నీడ చిత్రమయ్యె