మోదుగు పూలు ఫొటోలో నారింజ ముద్దలా వస్తున్నాయి, ఏం చేయాలి?

ప్రశ్న (కొత్తకెమెరా):
హోలీ ముందు అచ్చంపేట వైపు వెళ్లాను. చెట్టు నిండా మోదుగు పూలు, చూడ్డానికి మంటే. ఫొటోలో మాత్రం రేకు తెలియదు, మడత తెలియదు, అంతా ఒకటే రంగు. వెనక కొండేమో పాలిపోయింది. 18-55 లెన్స్ ఉంది. మేలో రేల పూలకి మళ్లీ వెళ్తున్నా.

మైనాగూడు:
మధ్యాహ్నం తీసి ఉంటారు. పొద్దున్నే వెళ్లండి, తేనె కోసం వచ్చే మైనాలు కూడా దొరుకుతాయి.

పాతనికాన్:
పొద్దున వెళ్లినా ఆ ముద్ద పోదండి. కెమెరా ఎరుపు, ఆకుపచ్చ, నీలం విడివిడిగా నమోదు చేస్తుంది, వాటినే ఛానెళ్లంటారు. మోదుగులో ఎరుపు ఛానెల్ మిగతా వాటికంటే ముందే నిండిపోతుంది, దాంతో మడతలు తెలియవు. మామూలు హిస్టోగ్రామ్‌లో, అంటే కెమెరా చూపించే వెలుతురు గ్రాఫ్‌లో, అది కనపడకపోవచ్చు. మూడు రంగులూ విడిగా చూపే ఆర్‌జీబీ హిస్టోగ్రామ్ పెట్టుకుని, ఎరుపు గ్రాఫ్ కుడి అంచుకు తగలకుండా ఎక్స్‌పోజర్ తగ్గించండి. ఒక స్టాప్, అంటే వెలుతురు సగానికి, తగ్గినా భయం లేదు. జేపెగ్ కాకుండా రా (RAW) ఫైల్‌గా తీస్తే నీడల్ని తర్వాత లేపుకోవచ్చు, పోయిన ఎరుపు మాత్రం రాదు.

ఇంకోటి, అందరూ పువ్వు మీదికి జూమ్ చేస్తారు. నాకది నచ్చదు. అది ఏ పెరట్లోనైనా తీయొచ్చు. ఎండాకాలం నల్లమల అంటే ఆకు రాలిన బూడిదరంగు కొమ్మలు, వాటి మధ్య ఒక్క రంగు. కొండగోగు చూడండి, ఆకే ఉండదు, కొమ్మ చివర పసుపు పూలు. తెల్లటి ఆకాశం మీద పెడితే ఆ పసుపు వెలవెలబోతుంది. నాలుగడుగులు పక్కకి జరిగి, నీడలో ఉన్న కొండవాలు వెనక్కి వచ్చేలా నిలబడండి.

రేలకి ఇదంతా తిరగేయాలి. గెల కిందికి వేలాడుతుంది, రేకు పల్చన. గెల వెనక నుంచి ఎండ పడేలా కింద నిలబడితే పసుపు వెలుగుతుంది. చిన్న గాలికే ఊగుతుంది కాబట్టి షట్టర్ వేగం 1/500 సెకను కంటే తగ్గించొద్దు.

కొత్తకెమెరా:
థాంక్స్ అన్నా. శ్రీశైలం రోడ్డు మీద కారు ఆపి తీసుకోవచ్చా? లెన్స్ ముందు పెట్టే పోలరైజర్ ఫిల్టర్ కొనాలా?

పాతనికాన్:
ఆపొద్దు. మన్ననూరు చెక్‌పోస్టు దాటాక అది టైగర్ రిజర్వ్, రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా రోడ్డే మూసేస్తారు. ఇవతల పొలం గట్ల మీద మోదుగులు కావలసినన్ని, రైతుని అడిగి లోపలికి వెళ్లండి. పోలరైజర్ కొనండి, ఆకుల మెరుపు, కొంత మసక తగ్గుతాయి. సూర్యుడు మీకు పక్కన ఉన్నప్పుడే అది బాగా పనిచేస్తుంది, కాబట్టి ఎదురెండలో రేల తీసేటప్పుడు తీసి జేబులో వేసుకోండి.

మైనాగూడు:
సిగరెట్ అలవాటుంటే అది ఇంట్లోనే వదిలి వెళ్లండి. ఆ ఎండుటాకుకి ఒక్క నిప్పురవ్వ చాలు.