పోలీసుల మీద కారు బాంబు కేసు: పోలీసు ముందు ఒప్పుకోలు కోర్టులో చెల్లాలా?

పటమట లాయరు (విజయవాడ):
ప్రశ్న సూటిగా పెడుతున్నాను. పోలీసుల వాహనాన్ని కారు బాంబుతో పేల్చారనుకోండి. కారు నడిపినవాడు అక్కడే పోతాడు. బోనులో నిలబడేది కారు కొనిచ్చినవాడు, డబ్బు పంపినవాడు, ఇంట్లో చోటిచ్చినవాడు. భారతీయ సాక్ష్య అధినియమ్ సెక్షన్ 23 ప్రకారం పోలీసు అధికారికి చెప్పిన నేరాంగీకారం చెల్లదు. ఉగ్రవాదం మీద తెచ్చిన పాత చట్టం టాడాలో సెక్షన్ 15 కింద ఎస్పీ, ఆ పై స్థాయి అధికారి రాసుకున్నది చెల్లేది. దాని తర్వాత వచ్చిన పోటాలో సెక్షన్ 32 కూడా అలాంటిదే. టాడా 1995లో, పోటా 2004లో పోయాయి. ఇప్పుడు ఉగ్రవాద కేసులకు వాడే చట్టం యూఏపీఏలో ఆ వీలు లేదు. మళ్లీ తేవాలా?

రిటైర్డ్ ఐవో:
తేవాలండీ, ఐవోగా అంటే దర్యాప్తు అధికారిగా పనిచేసిన అనుభవంతో చెప్తున్నాను. కుట్ర నాలుగు గోడల మధ్య జరుగుతుంది. చూసినవాళ్లంతా ముద్దాయిలే. రాజీవ్ గాంధీ హత్య కేసులో 1999లో సుప్రీంకోర్టు ఏడుగురి మీద నేర నిర్ధారణ నిలబెట్టింది అంటే, ఆ సెక్షన్ 15 వాంగ్మూలాల బలం చాలా ఉంది. అవి లేకుండా ఆ గొలుసు ఎలా కలిసేది? పైగా చచ్చింది కానిస్టేబుళ్లు, హోంగార్డులు. వాళ్ల ఇళ్లలోవాళ్లకి "సాక్ష్యం చాలలేదు" అని ఏ ముఖంతో చెప్తాం?

గుంటూరు బార్:
ఐవో గారూ, అదే తీర్పులో విచారణ కోర్టు మరణశిక్ష వేసిన 26 మందిలో 19 మంది బయటపడ్డారు, అదీ లెక్కలో వేయండి. ఇంకోటి గుజరాత్‌లోని అక్షర్‌ధామ్ గుడి కేసు. 2002 సెప్టెంబరులో దాడి. పోటా ఒప్పుకోళ్ల మీద శిక్షలు పడ్డాయి, ముగ్గురికి ఉరి కూడా. 2014 మే 16న సుప్రీంకోర్టు ఆ ఒప్పుకోళ్లను నమ్మలేమని ఆరుగురినీ వదిలేసింది. చనిపోయినవాళ్ల కుటుంబాలకు అప్పుడు ఎవరు దొరికారు? అసలువాడి కోసం వెతకడం ఎప్పుడో ఆగిపోయింది. ఒప్పుకోలు చేతికొస్తే దర్యాప్తు చల్లబడుతుంది. నా అభ్యంతరం మొత్తం అక్కడే.

దెబ్బ తిన్నదీ, అరెస్టు చేసేదీ, వాంగ్మూలం రాసేదీ ఒకే శాఖ అయిన కేసులో ఈ సడలింపు అడగడం మరీ ప్రమాదం.

రిటైర్డ్ ఐవో:
మరి మా చేతిలో ఏం మిగిలినట్టు?

గుంటూరు బార్:
మన జిల్లా కేసే మిగిలింది. పులుకూరి కోటయ్య కేసు, గుంటూరు సెషన్స్ నుంచి అప్పటి ఆఖరి అప్పీలు కోర్టు ప్రివీ కౌన్సిల్ దాకా వెళ్లింది, 1947 లా రిపోర్టుల్లో ఉంది. ఊళ్లో కొట్లాట, హత్య. ఒక ముద్దాయి పోలీసులకు చెప్పినదాంట్లో చెరువు మూల కాపు కాశాం, కొట్టి చంపాం అని ఒక భాగం. బల్లెం, కర్ర ఫలానావారి గడ్డివాములో దాచాను, వస్తే చూపిస్తాను అని ఇంకో భాగం. ప్రివీ కౌన్సిల్ మొదటిది కొట్టేసి గడ్డివాము ముక్క మాత్రం ఉంచింది. వస్తువు ఎక్కడుందో, అది ఇతనికి తెలుసన్న సంగతీ, అంతవరకే చెల్లుతుంది. పాత సాక్ష్య చట్టంలో ఇది సెక్షన్ 27. ఇప్పుడు 23లోనే మినహాయింపుగా పెట్టారు.

ఇక్కడ జరిగే తప్పు చూడండి. "నేరాంగీకార పంచనామా" అని నాలుగు పేజీలు రాస్తారు, ఇద్దరు వీఆర్వోలు ప్రతి పేజీకీ సంతకం పెడతారు. వస్తువు దొరికిన చోటు మాత్రం ఒక్క వాక్యంలో తేల్చేస్తారు: "ముద్దాయి చూపగా స్వాధీనపరచుకొనడమైనది." ఏ గది, ఏ మూల, తాళం ఎవరిది, అంతకుముందు ఆ చోటు పోలీసులకు తెలుసా? ఇవేవీ ఉండవు. ఐవోకి ముందే తెలిసిన చోటైతే ఆ మినహాయింపు అసలు అక్కరకే రాదు. ఇప్పుడు కొత్త క్రిమినల్ ప్రొసీజర్ చట్టం బీఎన్‌ఎస్‌ఎస్ సెక్షన్ 105 కింద సోదా, స్వాధీనం వీడియో తీయాల్సిందే. ఇంట్లో అడుగుపెట్టక ముందు నుంచే తీయాలి. సంచి బయటికొచ్చాక మొదలైన వీడియో క్రాస్ ఎగ్జామినేషన్‌లో పబ్లిక్ ప్రాసిక్యూటరుకే తలనొప్పి.

క్లూస్ టీమ్:
వాదన మనుషుల చుట్టూ తిరుగుతోంది, వస్తువుల గురించి చెప్తాను. పుల్వామాలో 2019 ఫిబ్రవరి 14న 40 మంది సీఆర్పీఎఫ్ జవాన్లు పోయారు. కారు తునాతునకలైంది. ఆ ముక్కల్లోనే ఛాసిస్ నంబరు దొరికింది. మారుతీ ఈకో, 2011లో అమ్ముడైంది, ఏడు చేతులు మారింది అని జాతీయ దర్యాప్తు సంస్థ ఎన్ఐఏ తేల్చింది. ఆత్మాహుతికి దిగినవాణ్ణి అతని తండ్రి డీఎన్‌ఏతో పోల్చి ఖాయం చేశారు. 2020 ఆగస్టులో 19 మంది మీద ఛార్జిషీటు వేశారు. ఇనుప ముక్క ఎవరి ఒత్తిడికీ లొంగదు.

కాకపోతే చాలా జాగ్రత్త కావాలి. మామూలు పాలిథిన్ కవర్లో పెడితే పేలుడు పదార్థం ఆవిరి బయటికి పోతుంది, పక్క ప్యాకెట్లోకీ చేరుతుంది. గాలి చొరని డబ్బాలు వాడాలి, ఒక్కో వస్తువుకి ఒక్కొక్కటి. పేలుడు గుంతలోని మట్టితోపాటు దూరంగా పేలుడు తగలని చోట మట్టి కూడా పోలిక కోసం తీయాలి. అన్నిటికన్నా చేటు చేసేది ఒకటుంది: పొద్దున గుంత దగ్గర పనిచేసిన మనిషే సాయంత్రం అదే బట్టలతో ముద్దాయి ఇంటికి సోదాకు పోవడం. ఆ ఇంట్లో దొరికిన ఆనవాలు ఎక్కడిదో తర్వాత ఎవరూ చెప్పలేరు. వేర్వేరు బృందాలు వెళ్లాలి.

సీసీ కెమెరాల డీవీఆర్ (దృశ్యాలు రికార్డయ్యే పెట్టె) అయితే ఆ రోజే తీసుకోవాలి. డిస్కు నిండితే పాత దృశ్యాల మీద కొత్తవి ఎక్కేస్తాయి. డీవీఆర్ గడియారానికీ అసలు టైముకీ తేడా ఎంతో పంచనామాలో రాయాలి. ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి సాక్ష్య అధినియమ్ సెక్షన్ 63 కింద ఇచ్చే సర్టిఫికెట్‌లో హ్యాష్ విలువ (ఫైలు మారలేదని తేల్చే అంకెల గుర్తు) ఉండాలి.

ఆటోనగర్ మెకానిక్:
కారు చేతులు మారడం గురించి ఒక్క మాట. బండి పేరు మార్పిడికి వాడే ఫారం 29, 30 మీద సంతకాలు పెట్టించుకుని తేదీ ఖాళీగా వదిలేసి బండి నడిపేవాళ్లు కొల్లలు. కాగితం మీద ఓనరు ఇంకా మొదటివాడే. అమ్మినవాడు 14 రోజుల్లో రవాణా శాఖకు తెలపాలి, వేరే రాష్ట్రంవాడికి అమ్మితే 45. ఇది చెయ్యనందుకే అమాయకుడు మొదటి అనుమానితుడవుతాడు. అలాంటివాణ్ణి స్టేషన్లో నాలుగు రోజులు కూర్చోబెడితే ఏదైనా ఒప్పుకుంటాడు. అందుకే నేను గుంటూరు అన్న పక్షం.

రిటైర్డ్ ఐవో:
నడిపేవాళ్లే కాదు, మధ్యవర్తులూ జాడ లేకుండా చేస్తారు. అందుకే అడిగాను. సరే, చట్టం మార్చొద్దంటారు. ముద్దాయి నిజంగా చెప్తానంటే?

పటమట లాయరు:
మేజిస్ట్రేటు దగ్గరికి పంపండి. బీఎన్‌ఎస్‌ఎస్ 183 ఉంది. చెప్పాల్సిన పని లేదని, చెప్తే అతని మీదే వాడతారని ముందే హెచ్చరించాలి. ఆలోచించుకోవడానికి టైమివ్వాలి, ఆ టైములో పోలీసు కస్టడీలో ఉంచకూడదు. మనసు మార్చుకుంటే తిరిగి పోలీసులకు అప్పగించకూడదు. ఇది తూతూమంత్రంగా జరిగితే ఏమవుతుందో మక్కా మసీదు కేసు చూపించింది. 2007 మే 18 పేలుడు, 2018 ఏప్రిల్ 16న ఐదుగురూ నిర్దోషులన్నారు. మేజిస్ట్రేటు ముందిచ్చిన ఒప్పుకోలును కూడా స్వచ్ఛందం కాదని కోర్టు పక్కన పెట్టింది.

గుంటూరు బార్:
యూఏపీఏ 43ఈ కూడా మర్చిపోకండి ఐవో గారూ. నేరంలో వాడినట్టుండే పేలుడు పదార్థం ముద్దాయి దగ్గర దొరికినా, ఘటనా స్థలంలో వేలిముద్ర పడినా, కోర్టు అతని మీదే ఊహించుకుంటుంది. కాదని నిరూపించుకోవాల్సింది అతనే. ఇంత బలమైన ఆయుధం చేతిలో ఉంచుకుని ఒప్పుకోలు దేనికి?

రిటైర్డ్ ఐవో:
43ఈ మాట ఒప్పుకుంటాను. కానీ కేసులు పోయేది చాలాసార్లు అనుమతుల దగ్గరే. పేలుడు పదార్థాల చట్టం సెక్షన్ 7 కింద జిల్లా మేజిస్ట్రేటు సమ్మతి లేకుండా విచారణ నడవదు. యూఏపీఏకి సెక్షన్ 45 కింద ప్రభుత్వ మంజూరు కావాలి. సాక్ష్యం పరిశీలించే అధికారికి ఏడు పని దినాలు, ప్రభుత్వానికి ఇంకో ఏడు. ఆ గడువులు తప్పనిసరని 2024లో సుప్రీంకోర్టు చెప్పేసింది. ఏ కాగితాలు చూసి సంతకం పెట్టారో ఫైల్లో కనపడాలి. ఎఫ్ఎస్ఎల్ (ఫోరెన్సిక్ ల్యాబు) రిపోర్టు రాకముందే సమ్మతి తెచ్చుకుంటే డిఫెన్సు మొదటి ప్రశ్న అదే.

పటమట లాయరు:
అయితే రిపోర్టు ఆలస్యమైతే, యూఏపీఏ కింద కోర్టు పొడిగిస్తే దొరికే 180 రోజుల గడువు సంగతేంటి? ఛార్జిషీటు పడకపోతే బెయిలు హక్కవుతుంది. క్లూస్ టీమ్ గారూ, పరీక్ష కోరుతూ వస్తువులతో పంపే లెటర్ ఆఫ్ అడ్వైజ్ ఎన్నో రోజున ల్యాబుకి చేరితే ఈ లెక్క సరిపోతుందో మీరే చెప్పాలి.

క్లూస్ టీమ్:
స్వాధీనమైన మర్నాడే కోర్టుకి, అక్కడి నుంచి ఆ వారంలోనే ల్యాబుకి. మాల్‌ఖానాలో (స్వాధీనమైన వస్తువులు దాచే గదిలో) నెల పడుకున్న ప్యాకెట్టుకి సీలు చెక్కుచెదరకపోయినా, ఆ నెలంతా ఎవరి దగ్గరుందని అడిగితే జవాబు చెప్పడానికి స్టేషన్ రైటరు కూడా సాక్షిగా రావాల్సిందే.