ఒక్కటే పొట్టేలు, నలభై నల్ల గొర్రెలు: రక్తం మార్చేదెట్ల?

ప్రశ్న: దక్కనీ నల్ల గొర్రెలు 40 ఉన్నయి. నాలుగేండ్ల సంది ఒక్కటే విత్తన పొట్టేలు. పిల్లలు చిన్నగ పుడుతున్నయి, రెండింటికి కింది దవడ పొట్టిగ ఉన్నది. నెల్లూరు పొట్టేలును తెచ్చి కలపమంటున్నరు. జాతి పోకుండ ఏం జెయ్యాలె?

జవాబు: నెల్లూరు పొట్టేలు వద్దు, అన్నా. మొదటి తరం పిల్లలు ఏపుగా పెరుగుతాయి, అక్కడే చాలామంది మోసపోతారు. వాటి మీద మళ్లీ మళ్లీ నెల్లూరునే కలిపితే మూడో తరానికి దక్కనీ రక్తం మిగిలేది ఎనిమిదో వంతు. గొంగడికి పనికొచ్చే నల్ల ఉన్ని పోతుంది.

పొట్టేలును మార్చాల్సిందే, కానీ దక్కనీలోనే. 1 పొట్టేలును 40 గొర్రెలతో, మళ్లీ 4తో గుణించి 41తో భాగించండి: 3.9. సంతతి లెక్కలో మీ మంద నాలుగు జీవాలతో సమానం. తరానికి 13 శాతం దాకా ఒకే రక్తం (దగ్గరి చుట్టరికం) పేరుకుంటుంది, పిల్లలు చిన్నగా, లోపాలతో పుట్టేది అందుకే కావచ్చు. తండ్రి కూతురికి పుట్టిన పిల్లలోనైతే 25 శాతం. గొర్రెలను ఎన్ని పెంచినా ఈ లెక్క పెద్దగా మారదు, పొట్టేళ్లు పెరగాలి. మీలాంటి నాలుగు మందలవాళ్లు కలిసి పొట్టేళ్లను మార్చుకుంటే ఆ లెక్క 15.6, అంటే తరానికి 3.2 శాతమే.

పద్ధతి: మీ పొట్టేలు పక్క మందకు, వాళ్లది ఆ పక్కకు, ఎప్పుడూ ఒకే దిక్కుగా. మందలో దిగిన ఏడాదికల్లా, దాని కూతుళ్లు ఎదకు రాకముందే కదిలించాలి. మీ మందలో పుట్టినది మీకు విత్తనం కాకూడదు. మగపిల్లలను 4 నెలలకే వేరు చెయ్యండి. నాలుగు పొట్టేళ్లూ ఒకే చోట కొన్నవైతే అన్నదమ్ములు కావచ్చు, ముందే అడగండి.

ఇంకొకరు: పిల్లలు చిన్నగా పుట్టడం అంతా రక్తం వల్లే కాదు. చూడి చివరి నెలన్నర మేత చాలకపోయినా అంతే. తల్లుల కింది కనురెప్ప లోపల పాలిపోయి ఉంటే కడుపులో పురుగులు ఉండొచ్చు.

కొత్త పొట్టేలును 21 రోజులు విడిగా కట్టి గర్భాలు పోగొట్టే బ్రుసెల్లా రోగానికి పరీక్ష చేయించండి. రెండు వృషణాలూ సమానంగా, గట్టిగా ఉండాలి. జ్వరం వచ్చినా ఎండదెబ్బ తగిలినా రెండు నెలల దాకా సరిగా చూడి కట్టదు, తొందరపడి అమ్మకండి. పొట్టేలు రొమ్ముకు నూనెలో కలిపిన ఎర్రమట్టి పూస్తే అది ఎక్కిన గొర్రె నడుము మీద మరక కనిపిస్తుంది. 17 రోజులకు రంగు మార్చండి. కొత్త రంగు కూడా అంటితే అది చూడి నిలవనట్టు.

ప్రశ్న: గుర్తుకు చెవికి పోగులేస్తే పుండయితదా?

జవాబు: వానకాలంలో వేస్తే పురుగు పడుతుంది, చలికాలంలో వెయ్యండి. రక్తనాళాలు తప్పించి చెవి మధ్యలో గుచ్చాలి, గుచ్చే ముందూ, గుచ్చాకా టించర్ పూయాలి. పోగు మీది నంబరు పక్కన తల్లి, తండ్రి, పుట్టిన తేదీ రాసుకోండి.